ఏడేళ్లకు చెప్పడం, పదేళ్లకు పట్టుబట్టడం: ముస్లిం ఇళ్లలో గూగుల్ ఫ్యామిలీ లింక్ ఎంతవరకు పనికొస్తుంది

పిల్లల ఫోనుకు హద్దులు పెట్టే యాప్‌లలో పైసా అడగనిదీ, ఆండ్రాయిడ్‌తో బాగా కలిసిపోయి పనిచేసేదీ గూగుల్ ఫ్యామిలీ లింక్. 2017లో వచ్చింది. తల్లిదండ్రుల ఫోను ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా ఫర్వాలేదు గానీ, పిల్లల చేతిలో ఉన్నది మాత్రం ఆండ్రాయిడే అయివుండాలి. పిల్లవాడి చేతిలో ఐఫోన్ పెట్టి దీంతో టైము కట్టడి చేద్దామంటే కుదరదు. దీని గురించి మామూలు సమీక్షలు చాలానే ఉన్నాయి. ఇక్కడ చూస్తున్నది వేరే సంగతి. అయిదు పూటల నమాజు, సాయంత్రం అరబీ చదువు, ఏడాదికో నెల రంజాను ఉన్న ఇంట్లో, పిల్లల తర్బియత్‌కు, అంటే పెంపకానికి, ఇది ఏమేరకు ఆసరా అవుతుంది?

ముందే తీర్పు చెప్పేస్తే: సగం పనికొస్తుంది. ఆ సగం ఏదో తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో నెల తిరగకుండానే దీన్ని తీసేస్తున్నారు.

అబూ దావూద్ గ్రంథంలో ఉన్న హదీసు (ప్రవక్త మాట) అందరికీ తెలిసిందే. పిల్లలకు ఏడేళ్లు రాగానే నమాజు చేయమని చెప్పండి, పదేళ్లు వచ్చాక మానితే కఠినంగా ఉండండి, పడకలు వేరు చేయండి అని. మధ్యలో మూడేళ్లున్నాయి. పూటకోసారి చొప్పున లెక్కేసినా 5 వేల సార్లకు పైనే చెప్పాలి. అంటే చెప్పడం, పక్కన నిలబెట్టుకోవడం, మళ్లీ చెప్పడం. కట్టడి ఆ తర్వాతి మాట. ఫ్యామిలీ లింక్‌కు చెప్పడం రాదు, కట్టడి ఒక్కటే వచ్చు. పదేళ్లవాడికి చేయాల్సిన పని ఏడేళ్లవాడికి మొదటి నిమిషం నుంచే చేసేస్తుంది. ఆ మూడేళ్ల చెప్పడం మనం చేస్తుంటే ఇది చక్కటి తోడు. చేయకపోతే ఇంట్లో రోజూ గొడవే.

అసలు ఎవరు పెట్టుకోకూడదో ముందు చూద్దాం. ఇంట్లో ఉన్నది అమ్మ ఫోను ఒక్కటే, పిల్లలు దాన్నే లాక్కుని చూస్తారంటే ఈ యాప్ మీకు కాదు. పిల్లవాడి పేరున ఖాతా, అది నడిచే విడి ఫోనో ట్యాబో ఉంటేనే దీనికి అర్థం. అమ్మ ఫోనుకైతే రెండు పనులు చాలు. యూట్యూబ్ కిడ్స్ వేసి, పిల్లవాడి ప్రొఫైల్‌లో వెతికే సౌకర్యం ఆపేయండి. అందులోనే టైమర్ ఉంటుంది, అది అయిపోగానే తెర మూసుకుంటుంది. రెండోది ఫోను సెట్టింగుల్లో సెక్యూరిటీ కింద ఉండే యాప్ పిన్నింగ్. అందులో పిన్ నంబరు అడిగే సెట్టింగు కూడా ఆన్ చేసుకుని, ఒక యాప్ తెరిచి పిన్ చేసి ఇస్తే, పిన్ నంబరు కొట్టకుండా అందులోంచి వాట్సాప్‌లోకో ఫోటోల్లోకో పోలేరు. అమ్మ ఫోనులోనే మక్తబ్ (అరబీ బడి) గ్రూపు, బంధువుల గ్రూపులు ఉంటాయి కాబట్టి ఈ రెండోది మరీ అవసరం.

విడి ఫోను ఉంటే, మొదట చూడాల్సింది పుట్టిన తేదీ. మన ఊళ్లలో ఫోను కొన్న షాపతనే జీమెయిల్ ఖాతా చేసిస్తాడు. పుట్టిన ఏడాది 1990 అనో 1995 అనో వేసేస్తాడు, పని తొందరగా అయిపోతుందని. ఆ ఖాతా గూగుల్ లెక్కలో పెద్దమనిషిది. దానిమీద 13 ఏళ్లలోపు పిల్లల కట్టడి పనిచేయదు. అలాంటి ఖాతాతో కుస్తీ పట్టకుండా, మీ ఫోనులోని ఫ్యామిలీ లింక్ నుంచే పిల్లవాడికి కొత్త ఖాతా అసలు పుట్టిన తేదీతో చేయండి. పిల్లవాడి ఫోను ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఈ కొత్త ఖాతాతోనే మొదలుపెట్టండి. పాత యాప్‌లు మిగిలి ఉంటే, తర్వాత పెట్టే వయసు పరిమితి వాటికి తగలదు. కొత్తగా దింపుకునే వాటికే తగులుతుంది. ఇందులో ఇంకో మాట కూడా ఉంది. పిల్లవాడు చూస్తుండగా వయసు అబద్ధం వేసి, సాయంత్రం వాడికి అబద్ధమాడకూడదని చెబితే, వాడు మొదటిదే నేర్చుకుంటాడు.

నాన్న గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాయచోటి, కడప వైపు కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు. చాలామంది నాన్నలు అక్కణ్ణుంచే ఫ్యామిలీ లింక్ వేసి, దూరం నుంచి పెత్తనం చేద్దామనుకుంటారు. మొదటి చిక్కు సాంకేతికం. గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో ఉండేవాళ్లు మేనేజరు ఉన్న దేశంలోనే ఉండాలన్నది గూగుల్ నియమం. కాబట్టి గ్రూపుకు మేనేజరుగా ఇక్కడున్న అమ్మనే పెట్టండి. నాన్న ఖాతా ఇంకా ఇండియాదే అయితే రెండో పేరెంటుగా చేర్చవచ్చు. గ్రూపులో మొత్తం ఆరుగురి దాకా ఉండవచ్చు. రెండో చిక్కు మనుషులది. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ బడినుంచి వచ్చి అయిదింటికి పిల్లవాడు యాప్ కోసం రిక్వెస్టు పంపితే, అక్కడ మధ్యాహ్నం రెండున్నర, నాన్న పనిలో ఉంటాడు. చూడకుండానే సరే అని నొక్కేస్తాడు. ఎదురుగా ఉన్న అమ్మ కాదన్నది దూరంగా ఉన్న నాన్న ఔనన్నాడంటే, ఆ ఇంట్లో అమ్మ మాట అయిపోయినట్టే. అనుమతులు ఒకరి చేతిలోనే ఉండాలి, ఆ ఒకరు ఇంట్లో ఉన్నవాళ్లే కావాలి. నాన్న వీడియో కాల్‌లో ఆ రోజు చదివిన సూరా (ఖురాన్ అధ్యాయం) వింటే చాలు. దాని ముందు రిమోట్ తాళం దిగదుడుపే.

ఇక అసలు విషయం, టైము. ఇందులో మూడు వేర్వేరు పనిముట్లున్నాయి. డైలీ లిమిట్ అంటే రోజు మొత్తానికి ఇంత అని. డౌన్‌టైమ్ అంటే రాత్రి ఇన్నింటి నుంచి పొద్దున ఇన్నింటి దాకా మూత. స్కూల్ టైమ్ అంటే బడి వేళల్లో మీరు ఒప్పుకున్న యాప్‌లు మాత్రమే తెరుచుకోవడం. దీన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు 2025లో తెచ్చారు. ఈ మూడింటిలో నమాజు వేళల్ని బట్టి తనంతట తాను జరిగేది ఒక్కటీ లేదు. ముస్లిం ఇంటికి ఇదే పెద్ద లోటు. హైదరాబాద్‌లో మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) నవంబరు చివర్లో 5:40కి వస్తే, జూలై మొదట్లో 6:55కి వస్తుంది. గంటంబావు తేడా. గడియారానికి కట్టిన తాళం సూర్యుడితో పాటు జరగదు.

దీనికో ఉపాయం ఉంది. మన పిల్లలు బడికి ఫోను తీసుకుపోరు కాబట్టి స్కూల్ టైమ్ ఖాళీగానే పడివుంటుంది. దాన్ని సాయంత్రానికి వాడుకోండి. హైదరాబాద్ వేళలకు అక్టోబరు నుంచి జనవరి దాకా 5:20కి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు నెలల్లో 5:50కి, మే నుంచి ఆగస్టు దాకా 6:10కి మొదలయ్యేట్టు పెట్టండి. ముగింపు ఎప్పుడూ రాత్రి 8. ఏడాదికి నాలుగుసార్లు మార్చుకుంటే సరిపోతుంది. విజయవాడ వాళ్లు దీనికంటే 8 నిమిషాలు, విశాఖ వాళ్లు దాదాపు 20 నిమిషాలు ముందుకు జరుపుకోవాలి. లేదంటే చలికాలంలో విశాఖలో తాళం సరిగ్గా అజాన్‌తోనే పడుతుంది. ఆ వేళలో తెరుచుకునే యాప్‌లుగా ఖురాన్ యాప్, ఫోను కాల్స్, బడి హోంవర్కుకు కావాల్సింది ఏదైనా ఒకటి ఉంచండి, అంతే.

అజాన్‌కు కనీసం 15 నుంచి 20 నిమిషాల ముందే మూత పడాలని ఇంత పట్టుబట్టడానికి కారణముంది. సరిగ్గా అజాన్ వేళకు లాక్ పెట్టడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. పిల్లవాడు ఆటలో ఉంటాడు, ఇంకో నలుగురు మిగిలారు, గెలవబోతున్నాడు. తెర నల్లబడుతుంది, అదే క్షణంలో మసీదు మైకులోంచి అల్లాహు అక్బర్. నెల్రోజులు ఇలా జరిగితే, ఆ పిల్లవాడి చెవికి అజాన్ అంటే ఆట పోగొట్టే శబ్దం. మీరు వాడికి నమాజు నేర్పాలనుకున్నారు, నేర్పింది మాత్రం చిరాకు. ముందే ఫోను మూసేస్తే ఆ కోపం వేరే దానిమీద పోతుంది, చల్లారడానికి కాస్త వ్యవధి ఉంటుంది. వజూ చేసుకుని (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని) చొక్కా మార్చుకునే సరికి అజాన్ వస్తుంది. గడువు దగ్గర పడుతోందని యాప్ తెరమీద హెచ్చరిస్తుంది గానీ ఆటలో ఉన్నవాడు దాన్ని చూడడు. పెద్దవాళ్లు పక్కకు వచ్చి, "ఈ ఆట అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకు బేటా" అనాలి. ఆ ఒక్క మాటతో సగం గొడవ తగ్గుతుంది.

రాత్రి డౌన్‌టైమ్ 9 నుంచి పొద్దున 6:30 దాకా అన్ని రోజులకూ ఒకేలా పెట్టండి. శనివారం రాత్రి సడలిస్తే ఆదివారం ఫజర్ (తెల్లవారుజాము నమాజు) పోతుంది. డైలీ లిమిట్ పదేళ్లలోపు వాళ్లకు 45 నిమిషాలు, ఆపైన గంట చాలు. అయితే ఈ లిమిట్ ఒక్కో పరికరానికి విడివిడిగా లెక్కవుతుంది. ఫోనుకు గంట, ట్యాబుకు గంట పెడితే మొత్తం రెండు గంటలు. ఖురాన్ యాప్‌ను ఆల్వేస్ అలౌడ్‌లో పెడితే దానిమీద గడిపిన టైము లిమిట్‌లోంచి తరగదు.

రంజానులో ఈ పట్టీ అంతా మారాలి. సహర్‌కు (తెల్లవారకముందు తిండికి) లేచిన పిల్లవాడి చేతికి ఫోను తగలకుండా డౌన్‌టైమ్ ముగింపు అలాగే ఉండనివ్వండి. అసలు బెడద అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత. కొత్తగా రోజా (ఉపవాసం) ఉంటున్న పిల్లలు టైము గడవడానికి ఫోను అడుగుతారు, పెద్దలు జాలిపడి ఇచ్చేస్తారు. ఆకలిని మరిపించడానికి వీడియోలు పెడితే రోజా గడుస్తుంది గానీ, సబ్రు (ఓర్పు) నేర్చుకునే ఆ గంటన్నర వృథా. ఆ నెల స్కూల్ టైమ్‌ను అసర్ నుంచే మొదలుపెట్టండి. ఇఫ్తార్ పళ్లెం సర్దడం, మసీదుకు ఖర్జూరాలు మోయడం లాంటి పనులు చెప్పండి.

బోనస్ టైమ్ అని ఒక మీట ఉంది, ఆ రోజుకు మాత్రం అదనంగా కొంత ఇవ్వడానికి. దీన్ని లంచంగా వాడితే చెడుతుంది, మాటగా వాడితే మంచిది. సూరా అప్పజెబితే అరగంట ఇస్తానని అమ్మ అంటుంది, వాడు అప్పజెబుతాడు, ఆమె వంటలో పడి మర్చిపోతుంది. అబూ దావూద్‌లోనే ఇంకో హదీసు ఉంది. అబ్దుల్లా బిన్ ఆమిర్ చిన్నప్పుడు వాళ్లమ్మ, ఇటు రా, ఒకటిస్తాను అని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అంది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేరున ఒక అబద్ధం రాయబడేదన్నారు ఆయన. అరగంట అన్నాక అక్కడికక్కడే ఫోను తీసి అరగంట కలపండి. ఇవ్వలేనిది అనకండి. ఇంకోటి, నమాజుకు బోనస్ టైమ్ కట్టొద్దు. ఫజర్ చేస్తే 20 నిమిషాలు అని మొదలైతే, ఆ 20 నిమిషాలు ఆపిన రోజు ఫజర్ కూడా ఆగుతుంది.

వడపోత విషయంలో ఈ యాప్ చెప్పుకున్నంత చేస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. ప్లే స్టోర్‌లో వయసు హద్దు 3, 7, 12, 16, 18 అని ఉంటుంది. పదేళ్లలోపు వాళ్లకు 7 పెట్టి, ప్రతి కొత్త యాప్‌కూ అనుమతి అడిగేలా చేయండి. క్రోమ్‌లో ఒప్పుకున్న సైట్లు మాత్రమే అన్న సెట్టింగు చిన్నపిల్లలకు సరైనది. ఖురాన్ డాట్ కామ్ ఒకటి, బడి సైటు ఒకటి, అలా మొదలుపెడితే, తక్కినవాటికి వాళ్లే రిక్వెస్టు పంపుతారు. ఖురాన్ డాట్ కామ్‌లో అబ్దుర్రహీం బిన్ ముహమ్మద్ తెలుగు అనువాదం ఉంది. మన మక్తబుల్లో చదివే ఇండోపాక్ లిపికి మార్చుకోవచ్చు. ఈ మార్పు తప్పక చేయండి. మదీనా ముద్రణ లిపిలో గుర్తులు వేరుగా ఉంటాయి, నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాలు నేర్పే పుస్తకం) చదివిన పిల్లలు అక్కడ తడబడతారు. ఒకే ఆయత్‌ను (ఖురాన్ వాక్యాన్ని) మళ్లీమళ్లీ వినిపించే ఏర్పాటు కూడా ఉంది, కంఠస్థానికి పనికొస్తుంది. తప్పు దిద్దడానికి మాత్రం ఉస్తాదే కావాలి.

యూట్యూబ్ దగ్గర వడపోత చేతులెత్తేస్తుంది. దానికి తెలిసింది అశ్లీలం, హింస. దీన్ (మతం) పేరుతో వచ్చే కల్పిత కథలు, సమాధి శిక్షల భయపెట్టే బొమ్మలు, ప్రవక్తల ముఖాలు గీసిన కార్టూన్లు ఇవన్నీ పిల్లల వీడియోలుగానే దాటిపోతాయి. ఏడేళ్ల పిల్ల రాత్రి సమాధి వీడియో చూసి నిద్రపోకపోతే దాన్ని తఖ్వా (దైవభీతి) అనుకోకండి, అది ఉత్త భయం. పెద్దల పర్యవేక్షణలో నడిచే మామూలు యూట్యూబ్‌లో ఎక్స్‌ప్లోర్ అన్న సెట్టింగు తొమ్మిదేళ్లు నిండినవాళ్లకని, ఎక్స్‌ప్లోర్ మోర్ పదమూడు నిండినవాళ్లకని గూగుల్ చెబుతుంది. మా సలహా, పన్నెండు దాకా యూట్యూబ్ కిడ్స్‌లోనే ఉంచి, మీరే ఎంచిన ఛానళ్లు మాత్రం కనిపించే సెట్టింగు పెట్టండి. ఛానల్‌ను ఒప్పుకునే ముందు కనీసం మూడు వీడియోలు చివరిదాకా చూడండి. అది ఒక ఆదివారం పూట పని.

అజాన్ యాప్‌లను కూడా ఇదే కంటితో చూడాలి. ఉచితంగా వచ్చేవాటిలో చాలావాటికి ప్రకటనలే ఆదాయం, ఖిబ్లా (నమాజు దిశ) చూసుకునే తెరకిందే ఆటల ప్రకటన దూకుతుంది. లొకేషన్ సంగతి ఇంకా ముఖ్యం. ముస్లిం ప్రో వాడేవాళ్ల లొకేషన్ వివరాలు ఎక్స్‌మోడ్ అనే డేటా కంపెనీకి చేరాయని 2020 నవంబరులో వార్తలొచ్చాయి, ఆ తర్వాత యాప్ వాళ్లు ఆ సంబంధం తెంచుకుంటున్నామన్నారు. నమాజు వేళలకు ఊరి పేరు చాలు. ఊరు చేత్తో ఎంచి, లొకేషన్ అనుమతి తీసేయండి. ఫ్యామిలీ లింక్‌లోనే పిల్లవాడి ఫోనులో ఒక్కో యాప్‌కు ఇచ్చిన అనుమతులు చూసి మార్చవచ్చు.

తాళం ఎక్కడ వదులవుతుందంటే, అన్నిటికంటే ముందు మీ ఫోను దగ్గరే. మీ పిన్ పిల్లలకు తెలుసు. మీరు నిద్రపోతుండగా మీ ఫోను తెరిచి, ఫ్యామిలీ లింక్‌లో తమకు తామే బోనస్ వేసుకుంటారు. మీ ఫోనులో ఆ యాప్‌కు విడిగా యాప్ లాక్ పెట్టండి, ఇంట్లో ఎవరికీ చెప్పని నంబరుతో. రెండోది వేరే బ్రౌజర్లు. క్రోమ్ వడపోత వాటికి వర్తించదు, కాబట్టి ఇంకో బ్రౌజరుకు అనుమతివ్వకండి. కొన్ని యాప్‌ల లోపలే లింకులు తెరుచుకుంటాయి, అదీ ఒక సందు. మూడోది నెట్. పిల్లవాడి ఫోనులో ఆ రోజు డేటా అయిపోతే, మీరు అప్పటికప్పుడు నొక్కిన లాక్ వాడికి చేరదు. ముందే పెట్టిన వేళలు మాత్రం పనిచేస్తాయి. అలాగే నెట్ లేనప్పుడు తాళం తీయాల్సి వస్తే, మీ యాప్‌లో కనిపించే పేరెంట్ కోడ్ వాడి ఫోనులో కొట్టాలి. వాట్సాప్ లోపలి మాటలు ఈ యాప్‌కు కనబడవు. ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నాడో చెబుతుంది, అక్కడేం చేశాడో చెప్పదు.

నాలుగోదానికి సెట్టింగు లేదు. దోస్తు ఫోనులో ఫ్యామిలీ లింక్ ఉండదు. లుఖ్మాన్ సూరాలో తండ్రి కొడుకుకు నమాజు చేయమని చెప్పేది 17వ ఆయత్‌లో. దానికి ముందు 16వ ఆయత్‌లో, ఆవగింజంత పనైనా రాతిబండలో దాగినా అల్లాహ్ బయటికి తెస్తాడని చెబుతాడు. ఆ వరస ఊరికే లేదు. ఎవరూ చూడనప్పుడు ఏంచేయాలో ముందు, ఏ వేళకు ఏంచేయాలో తర్వాత.

అందుకే ఈ యాప్ రహస్యంగా పెట్టొద్దు. లొకేషన్, వాడకం లెక్క మీకు కనబడతాయని మొదటి రోజే చెప్పండి, మీ ఫోనులో ఆ తెర తీసి చూపించండి. హుజురాత్ సూరా 12వ ఆయత్ ఒకరి గుట్టు ఒకరు కూపీ లాగొద్దంటుంది. పిల్లల బాధ్యత మోయడం వేరు, దొంగచాటుగా తవ్వడం వేరు. లెక్క చూసేది వారానికోసారి, జుమా (శుక్రవారం) నాడు ఇషా (రాత్రి నమాజు) తర్వాత, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని. పెద్దల ఫోనులో కూడా డిజిటల్ వెల్‌బీయింగ్ అనే లెక్క ఉంటుంది, అదే పూట అదీ తీసి చూపించాలి. అబ్బా (నాన్న) లెక్క అయిదు గంటలుంటే వాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు కట్టడి పెట్టడం చాలా ఇళ్లలో ఉంది. అమ్మాయికి లొకేషన్, అబ్బాయికి స్వేచ్ఛ. నూర్ సూరాలో చూపులు దించుకోమని మొదట చెప్పింది మగవాళ్లకు, 30వ ఆయత్‌లో. స్త్రీల మాట 31లో వస్తుంది. సెట్టింగులు ఇద్దరికీ ఒకటే ఉండాలి.

పన్నెండేళ్లు దాటాక కట్టడిని ఒక్కోటిగా వదులుతూ రండి. మొదట సైట్ల జాబితా, తర్వాత యాప్ అనుమతులు, ఆ తర్వాత డైలీ లిమిట్. రాత్రి డౌన్‌టైమ్ చివరిది. ఒక్కోటి వదిలాక రెండు నెలలు చూసి ఇంకోటి. పదమూడో పుట్టినరోజు దగ్గర పడితే ఖాతా గురించి గూగుల్ మెయిలు పంపుతుంది. ఈ వయసు నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, దాన్ని చెత్తలో వేయకుండా ఇద్దరూ కలిసి చదవండి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. దీన్ ప్రకారం బాలిగ్ (యుక్తవయస్కుడు) అయిన నాటి నుంచి నమాజు లెక్క వాడిదే. నూర్ సూరా 58వ ఆయత్ చిన్నపిల్లలను మూడు వేళల్లో అనుమతి అడిగి లోపలికి రమ్మంటుంది, 59వ ఆయత్ యుక్తవయసు వచ్చాక ఎప్పుడొచ్చినా అడగమంటుంది. అనుమతి అడగడం వాడు నేర్చుకుంటున్నాడంటే, ఆ వయసు నుంచి వాడి ఫోను తెరిచే ముందు మీరూ అడగాలి.